ఒక మాటకి ఒక అర్థం రాయించడం ఇంక ఆపుదాం

మా జిల్లాలో ఏ హైస్కూలుకి వెళ్ళినా ఇంగ్లీషు నోటుపుస్తకం ఒకేలా ఉంటుంది. పేజీ మధ్యలో స్కేలుతో గీసిన గీత, దానికి ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం, పాఠానికి పదో పన్నెండో. మర్నాడు అవి అప్పజెప్పాలి. పిల్లలు అప్పజెబుతారు కూడా, తెల్లారగట్ట లేచి, పనికి వెళ్ళే అమ్మ వంట చేస్తుంటే పక్కన కూర్చుని బట్టీ పట్టి మరీ వస్తారు, వాళ్ళ కష్టంలో ఏ లోపమూ లేదు. నా గొడవంతా ఆ గీతతో. ఇంగ్లీషు మాట ఒకటి, తెలుగు మాట ఒకటి, రెండూ జత, ఆ జత గుర్తుంటే మాట వచ్చేసినట్టే అన్న నమ్మకాన్ని ఆ గీత ఆరో తరగతి నుంచే పిల్లల్లో నాటేస్తోంది. నేను శ్రీకాకుళం జిల్లాలో ఇంగ్లీషు టీచర్ని. ఈ పద్ధతి వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతోందని, దీన్ని మానేయాలని చెప్పడానికే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను.

అడ్రస్ అన్న మాట తీసుకోండి. గైడులో చిరునామా అని ఉంటుంది. తీరా పాఠంలో చూస్తే "ద కలెక్టర్ అడ్రస్డ్ ద గ్యాదరింగ్" అని ఉంటుంది, అంటే కలెక్టరు గారు సభలో మాట్లాడారని. పేపర్లో "అడ్రస్ ద ప్రాబ్లమ్" అని వస్తుంది, అంటే సమస్య సంగతి చూడమని. చిరునామా అని బట్టీ పట్టిన పిల్ల మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ఆగిపోయి తనకి ఇంగ్లీషు రాదనుకుంటుంది. నిజానికి ఆ వాక్యంలో మిగతా మాటలన్నీ ఆ పిల్లకి తెలుసు. కలెక్టరు ఎవరో తెలుసు, జనం గుమిగూడారనీ తెలుసు, కలెక్టరు వచ్చి జనం ముందు ఏం చేస్తారో పదిసార్లు చూసిందే. ఇంత తెలిసి కూడా ఆ తెలిసినదాన్ని వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. నన్ను బాధపెట్టేది ఇదే.

మన తీరం పిల్లలకి డిప్రెషన్ అన్న మాట కంటే మంచి పాఠం ఇంకోటి లేదని నా అభిప్రాయం. అక్టోబరు, నవంబరు నెలలు వస్తే వాతావరణ శాఖ బులెటిన్లలో ఆ మాట వస్తూనే ఉంటుంది. గాలి గంటకి 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే డిప్రెషన్, 50 నుంచి 61 దాకా ఉంటే డీప్ డిప్రెషన్, 62కి చేరితే అది తుపాను, అప్పుడు దానికి పేరు పెడతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కూడా ముందు ఒక డిప్రెషనే. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఈ మాటకి అర్థం అడిగితే మాత్రం మనసు బాగోకపోవడం అంటారు, ఫోన్లలో, సినిమాల్లో వాళ్ళు విన్నది అది. సోషల్ పాఠంలో 1929 తర్వాత ప్రపంచమంతా వ్యాపారాలు పడిపోయిన కాలాన్ని గ్రేట్ డిప్రెషన్ అంటారు. తెలుగులో వీటికి మూడు మాటలున్నాయి, వాయుగుండం, మాంద్యం, కుంగుబాటు. గీత గీసి రాయిస్తే మూడు సబ్జెక్టుల్లో మూడు జతలు, ఒకదానికొకటి సంబంధం లేనట్టు. పిల్లవాడు మూడుసార్లు బట్టీ పడతాడు, మూడో దానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతాడు.

అదే డిప్రెషన్ అన్న మాట వచ్చే మూడు వాక్యాలు బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, వీటిలో కిందికి దిగింది ఏమిటని అడిగితే చాలు. మొదటిదాంట్లో గాలి పీడనం, రెండోదాంట్లో వ్యాపారం, మూడోదాంట్లో మనసు. కిందికి నొక్కుకుపోవడం అనేది మూడింటిలోనూ ఉంది. మన కుంగడం అన్న మాటా అలాంటిదే కదా, వంతెన కుంగిందంటాం, కొడుకు పోయాక మనిషి కుంగిపోయాడంటాం. ఈ పోలిక మా క్లాసులో ఒక అబ్బాయే పట్టుకున్నాడు, నేను చెప్పింది కాదు. ఇక ఆ క్లాసులో డిప్రెషన్‌కి మీనింగ్ రాసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పిల్లలకి ఇది కొత్త విద్య కాదు. తెలుగులో రోజూ చేస్తున్న పనే. నాన్న పొలంలో మందు కొడుతున్నాడన్నా, పక్కింటాయన సాయంత్రమైతే మందు కొడుతున్నాడన్నా అయిదేళ్ళ పిల్లకి కూడా తేడా తెలుస్తుంది. ఎవరూ నిఘంటువు చూపించలేదు. పొలం అన్న మాట ఒక దారి చూపింది, సాయంత్రం అన్న మాట ఇంకో దారి. సెంటు అంటే అయిదు సెంట్ల స్థలంలోనూ పెళ్ళిలో బట్టలకి పూసుకునేదాంట్లోనూ వేరని ఎవరికి తెలీదు? అసలు ఇంగ్లీషులో అవి రెండు వేరు మాటలు, మన నోట్లోకి వచ్చేసరికి ఒకటైపోయాయి, అయినా మనకి ఎప్పుడూ చిక్కు రాలేదు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, వేరే చోట నీళ్ళ మడుగు, తెలంగాణలో నలభై కలిస్తే ఎకరం అయ్యే భూమి కొలత. మా ఊరి నుంచి హైదరాబాదు పనికి వెళ్ళినవాళ్ళు అక్కడ రెండు గుంటల భూమి అన్న మాట మొదటిసారి విని ఒక్క క్షణం ఆగి ఉంటారేమో, రెండో క్షణంలో అర్థమైపోయి ఉంటుంది, ఎందుకంటే పక్కన భూమి అన్న మాట ఉంది, మాట్లాడేది రేటు గురించి. ఇంత తెలివి ఉన్న పిల్లల చేత మనం ఇంగ్లీషు పీరియడు రాగానే దాన్ని పక్కన పెట్టించేస్తున్నాం.

జె. ఆర్. ఫర్త్ అని ఒక ఇంగ్లండు భాషాశాస్త్రవేత్త ఉండేవాడు, 1920ల్లో లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరుగా పని చేశాడు కూడా. మాటని దాని సావాసాన్ని బట్టి తెలుసుకోవాలని ఆయన 1957లో రాశాడు. భాషాశాస్త్రంలో ఈ మాట చాలా పేరు పొందింది గానీ, ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు, మనుషుల గురించి అన్నారు, మాటలకీ సరిపోతుంది. బ్యాంకు పక్కన లోను వస్తే డబ్బుల బ్యాంకు, రివర్ వస్తే ఏటి గట్టు.

ఇంగ్లీషులో అన్ని అర్థాలూ పట్టిక వేసి నేర్పేద్దాం అనుకునేవాళ్ళకి ఒక లెక్క చెబుతాను. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో సెట్ అన్న క్రియ ఒక్కదానికే 430 అర్థాలున్నాయి. తర్వాత కొత్త కూర్పు పనిలో రన్ అన్న క్రియకి 645 తేలాయి. మూడక్షరాల మాటలు ఇవి, ఒకటో తరగతిలో నేర్పేవి. వీటిని గీతకి కుడి పక్కన రాయించడం ఎవరి తరం? పైగా ఒక మాట అర్థాలన్నీ సమానంగా వాడుకలో ఉండవు. ఇది బాగా తెలిసినవాడు మైకేల్ వెస్ట్. ఢాకాలో టీచర్లకి శిక్షణ ఇస్తూ, బెంగాలీ పిల్లలకి ఇంగ్లీషు చదవడం ఎలా నేర్పాలా అని ఏళ్ళ తరబడి ఆలోచించిన మనిషి. 1953లో ఆయన అచ్చు వేసిన సుమారు 2000 మాటల జాబితాలో, ఒక్కో మాటకి ఏ అర్థం నూటికి ఎన్నిసార్లు కనబడుతుందో కూడా ఇచ్చాడు. జాబితా వేసినవాడే అర్థాల్ని అలా విడదీసి చూపించాడు. డెబ్భై ఏళ్ళు దాటినా మన గైడులు ఇంకా మాటకి ఒక్క అర్థం దగ్గరే ఉన్నాయి, అది కూడా పాఠంలో వచ్చిన అర్థం కాకుండా గైడు రాసినాయనకి ముందు తట్టిన అర్థం.

ఇదంతా మార్కుల గొడవ అనుకుంటే నేను ఇంత ఆవేశపడను. మా వైపు ఇళ్ళలో ఇంగ్లీషు కాయితం వస్తే చదివేది తొమ్మిదో తరగతి పిల్ల. నాయనమ్మ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న కాయితం ఆ పిల్ల చేతిలో పెడతారు. మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ రీసెర్చి సెంటరూ పెట్టింది ఆ బాధ చూసే. ఆ రిపోర్టుల్లో ఉండే మాటలు ఒకసారి చూడండి.

ఫంక్షన్. మనకి ఫంక్షన్ అంటే పెళ్ళి, ఓణీల వేడుక, గృహప్రవేశం. లెక్కల్లో ఫంక్షన్ అంటే ప్రమేయం. కిడ్నీ ఫంక్షన్ టెస్టులో కిడ్నీ పని ఎలా చేస్తోందన్నది. స్టేజి అంటే నాటకం వేసేది, బస్సు ఆగేది, జబ్బు ముదిరిన మెట్టు. డిశ్చార్జి అంటే ఇంటికి పంపడం, కానీ అదే కాయితంలో పుండు గురించి రాస్తే డిశ్చార్జి అంటే కారే రసి. స్కానింగు రిపోర్టులో "అన్‌రిమార్కబుల్" అని ఉంటే, చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు అని, అంటే శుభవార్త, దాన్ని చూసి ఏడ్చినవాళ్ళున్నారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది అక్యూట్, క్రానిక్ అన్న జంట. అక్యూట్ మాట పిల్లలకి లెక్కల్లోనే వచ్చేస్తుంది, 90 డిగ్రీల కంటే తక్కువ ఉన్న కోణం, తెలుగులో అల్ప కోణం. అల్పం అంటే చిన్నది. ఇప్పుడు అదే పిల్ల నాయనమ్మ కాయితం మీద "అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ" అని చదివితే ఏమనుకుంటుంది? చిన్నపాటి దెబ్బ అనుకుంటుంది. దెబ్బా కాదు, చిన్నదీ కాదు. గంటల్లోనో రోజుల్లోనో కిడ్నీ పని హఠాత్తుగా పడిపోయిందని దాని అర్థం, వెంటనే పరిగెత్తాల్సిన పరిస్థితి. క్రానిక్ అన్నది మాత్రం విని చాలామంది చాలా ప్రమాదం అనుకుంటారు. కిడ్నీల విషయంలో క్రానిక్ అంటే మూడు నెలలకి మించి ఉన్నది అని, అది కాలం గురించి చెప్పే మాట, ఎంత ప్రమాదమో చెప్పేది కాదు. తీవ్రత చెప్పేది పక్కనున్న స్టేజి అంకె. అక్యూట్ మాటకి మూలంలో ఉన్నది మొన తేలడం, కోణమైతే మొనదేలి ఉంటుంది, జబ్బయితే సూదిలా ఒక్కసారి గుచ్చుతుంది. ఇది లెక్కల క్లాసులో రెండు నిమిషాలు, సైన్సు క్లాసులో రెండు నిమిషాలు చెప్పగలిగింది. ఎవరి పీరియడు వాళ్ళది అనుకోవడం వల్ల ఎవరూ చెప్పడం లేదు.

బ్యాంకు కాయితాలు ఇంకో లోకం. ఒకే ఇంట్లో పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీద అవుట్‌స్టాండింగ్ అని ఉంటుంది, వాళ్ళమ్మ డ్వాక్రా సంఘానికి వచ్చిన లెటర్లోనూ అవుట్‌స్టాండింగ్ అని ఉంటుంది. మొదటిది మెచ్చుకోవడం, రెండోది ఇంకా కట్టాల్సిన బాకీ. శాంక్షన్ అంటే లోను మంజూరు కావడమని ఊళ్ళో అందరికీ తెలుసు, అదే మాట పేపర్లో ఒక దేశం ఇంకో దేశం మీద శాంక్షన్స్ పెట్టిందని వస్తే అర్థం పూర్తిగా తిరగబడి ఆంక్షలు అవుతుంది. ఫారం నింపుతూ ఒక అమ్మాయి "ఏటి మేడమ్, కరెంటు అడ్రస్ అంటే కరెంటు బిల్లు మీదున్నదేనా" అని అడిగింది. తప్పు పట్టాల్సిన ప్రశ్న కాదది. తనకి తెలిసిన కరెంటు అదే. కింద పర్మనెంట్ అడ్రస్ అని ఇంకో గడి ఉంది చూడు, దానికి ఎదురుగా నిలబడే మాట ఏమై ఉండాలి అని అడిగాను, ఇప్పుడుండే అడ్రసా అని తనే చెప్పింది.

సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి ఓడల మీద పనికి, గల్ఫుకి వెళ్ళే కుర్రాళ్ళ సంగతి మరీ ముఖ్యం. ఓడ ఎక్కినవాడికి పోర్ట్ అంటే మా మూలపేట లాంటి ఓడరేవు ఒక్కటే కాదు, ముందుకి తిరిగి నిలబడితే ఓడకి ఎడమ పక్క కూడా పోర్టే. అది పనిలో చేరాక ఎవరో ఒకరు నేర్పుతారు. ఏజెంటు ఇచ్చే కాయితం మాత్రం ఎవరూ నేర్పరు. అందులో "అకామడేషన్ ప్రొవైడెడ్" అని ఒక లైను, ఉండటానికి చోటు ఇస్తారని. రెండు లైన్ల కింద "ప్రొవైడెడ్ దట్" అని మొదలవుతుంది, అక్కడ ఇవ్వడం ఏమీ లేదు, అది షరతు. సబ్జెక్ట్ అంటే మనకి లెక్కలు, సైన్సు. "సబ్జెక్ట్ టు వీసా అప్రూవల్" అంటే వీసా వస్తేనే ఉద్యోగం, రాకపోతే లేదు. అప్పు చేసి డబ్బు కట్టేముందు ఈ రెండు మాటలూ సరిగ్గా చదవగలిగితే చాలు, కొన్ని ఇళ్ళు నిలబడతాయి. అందుకే పదో తరగతి దాటేలోపు పిల్లలకి ఈ వాక్యాలు చూపించడం నా బాధ్యత అనుకుంటున్నాను, సిలబస్‌లో ఉన్నా లేకపోయినా.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. సందర్భాన్ని బట్టి ఊహించుకోమంటే, అసలు చుట్టుపక్కల మాటలే రాని పిల్ల ఏం ఊహిస్తుంది? నిజమే. భాషలో మాటలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించిన పాల్ నేషన్, ఆయనతో కలిసి హు అనే పరిశోధకురాలు 2000లో చేసిన అధ్యయనంలో, ఒక కథ ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని తేలింది. అంటే యాభై మాటలకి ఒక్కటి కొత్తది. మన పాఠాల్లో లైనుకి రెండు కొత్త మాటలుంటాయి. అలాంటి పాఠం ఇచ్చి నువ్వే ఊహించుకో అనడం పిల్లల్ని నడిసముద్రంలో వదిలేయడమే. అందుకే మొదటి రెండు మూడేళ్ళు మాటలు నేర్పాలి, నేర్చుకోమని అడగాలి, అవసరమైతే బట్టీ కూడా పట్టించాలి. బట్టీకి నేను శత్రువుని కాను. మాటని ఒంటరిగా కాకుండా ఒక చిన్న వాక్యంలో పెట్టి బట్టీ పట్టించమంటున్నాను.

ఊహ తప్పు కూడా కావచ్చు. శాంక్షన్ లాంటి మాటలు ఎదురుతిరిగినప్పుడు ఊహ బోర్లా పడుతుంది. అప్పుడు నిఘంటువు కావాలి, కానీ దాన్ని చూసే పద్ధతి మారాలి. మొదట రాసి ఉన్న అర్థం తీసుకుని పుస్తకం మూసేయడం కాదు, కింద దాకా చదివి మన వాక్యంలో ఏది కూర్చుంటుందో ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. ఊహించడం, సరిచూసుకోవడం, రెండూ కలిస్తేనే చదువు. ఫోన్లో అనువాదం యాప్ ఉందిగా అనేవాళ్ళకి కూడా ఇదే చెబుతాను, ఒంటరి మాట కొడితే అదీ ఒక అర్థం విసిరేస్తుంది, వాక్యం మొత్తం కొట్టి చూడండి, జవాబు మారుతుంది.

నిఘంటువు ముందా, వాక్యం ముందా అన్న ప్రశ్నకి మా జిల్లావాడే ఒకాయన ఎప్పుడో జవాబు చెప్పాడు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో టీచరుగా చేస్తూ అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషకి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. సవర మనుషుల్ని దగ్గర పెట్టుకుని, వాళ్ళు ఎప్పుడు ఏ మాట అంటున్నారో విని, కథలూ పాటలూ రాసుకుని నేర్చుకున్నాడు. ఆయన సవర వ్యాకరణం, నిఘంటువు 1930ల్లో అచ్చయ్యాయి, ఆయన ఆ భాషలో పడ్డ ఎన్నో ఏళ్ళ తర్వాత. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి మాతృభాష గురించి ఉపన్యాసాలిస్తాం, మంచిదే, కానీ ఆయన భాష నేర్చుకున్న పద్ధతి ఇంగ్లీషు టీచర్లకి కూడా పాఠమే అని ఎవరూ అనగా వినలేదు.

టైము లేదు, సిలబస్ అవ్వదు అని తోటి టీచర్లు అంటారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, అదే టెన్షన్ నాకూ ఉంది. కానీ పాఠానికి పన్నెండు మాటలు రాయించి, అప్పజెప్పించుకుని, రానివాళ్ళ చేత మళ్ళీ రాయించే టైములో నాలుగు మాటలు మూడేసి వాక్యాల్లో చూపించవచ్చు. ఏ నాలుగు అన్నదే టీచరు ఆలోచించాల్సింది. నేనైతే పాఠంలోనూ, బయట కాయితాల్లోనూ, వేరే సబ్జెక్టులోనూ మూడు చోట్లా కనబడే మాటలకి ముందు పీట వేస్తాను. మిగతా ఎనిమిదికి తెలుగు చెప్పేసి ముందుకి వెళ్ళిపోతాను. మన గవర్నమెంటు బడి లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండటం దీనికి ఎంత సాయమో! ఎదురు పేజీలో అదే వాక్యం వెతికి, ఆ మాట తెలుగులో ఏమైందో చూడమంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. దాన్ని ఇంగ్లీషు రానివాళ్ళ ఊతకర్రలా చూడటం అన్యాయం.

మా క్లాసులో గీత తీసేశాం. పేజీ అంతా అడ్డంగా రాయాలి, ముందు వాక్యం, దాని కింద అది ఎక్కడ దొరికిందో. ఇంట్లోంచి ఏది తెచ్చినా సరే అన్నాను. అప్లై అన్న మాటకి ఒకరు ఆయింట్‌మెంట్ ట్యూబు మీద వాక్యం తెచ్చారు, ఒకరు పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్లోది, ఒకరు చీరల షాపు పాంప్లెట్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న "కండిషన్స్ అప్లై". పూయడం, దరఖాస్తు పెట్టడం, వర్తించడం, ముగ్గురూ ఒకరి వాక్యం ఒకరు చదువుకుని వాళ్ళే తేల్చారు. చదవడమే ఇంకా సరిగ్గా రాని ఆరో తరగతి పిల్లలతో మాత్రం ఇది ఇలా కుదరడం లేదు. వాళ్ళతో ముందు తెలుగులో, కొట్టు అన్న ఒక్క మాట పట్టుకుని బెల్లు కొట్టడం, చెట్టు కొట్టడం, కిరాణా కొట్టు, ఎండ కొట్టడం అంటూ నోటితోనే ఆడిస్తున్నాను. అక్కడి నుంచి ఇంగ్లీషు వాక్యంలోకి ఎప్పుడు, ఏ మాటతో తీసుకెళ్ళాలన్నది ఈ ఏడాది ఇంకా వెతుకుతున్నాను, ఓపెన్ అన్న మాటతో మొదలుపెట్టి చూద్దామని ఉంది.